నయం కాని బిడ్డకు వైద్యం ఎందుకు?



సూళ్లూరుపేట స్టేషన్‌లో పొద్దున్నే చెన్నై లోకల్ ఎక్కేవాళ్లలో అన్ని రకాల వాళ్లూ ఉంటారు. కూలికి పోయేవాళ్లు, కాలేజీ పిల్లలు, చేపల గంపల ఆడవాళ్లు. వాళ్ల మధ్య అప్పుడప్పుడు ఒక తల్లి కనబడుతుంది. చంకలో బిడ్డ ఉంటాడు. వాడికి ఏడెనిమిదేళ్లు, చంకనెత్తుకునే వయసు దాటిపోయింది. కాళ్లు కత్తెరలాగా ఒకదాని మీద ఒకటి బిగుసుకుని, మెడ ఒక పక్కకు వాలి ఉంటుంది. ఆమె భుజాన ఒక సంచి. అందులో నీళ్ల సీసా, మెత్తగా పిసికిన అన్నం డబ్బా, అన్నిటికన్నా అడుగున ప్లాస్టిక్ కవర్లో ఆస్పత్రి కాగితాలు.

ఒకరోజు ఆమెకు ఎదురు సీట్లో నేను కూర్చున్నాను. పక్కన ఉన్న పెద్దావిడ మాట కలిపింది.

“ఏందమ్మా అబ్బోడికి?”

“పుట్టినప్పుడు ఏడవలేదక్కా. మెదడుకి గాలి అందలేదంట.”

“ఎన్నాళ్ల నించి తిప్పతా ఉండావు?”

“ఆరేళ్లయింది.”

“తగ్గుతాదంటనా?”

“తగ్గదంటక్కా.”

“తగ్గేది లేనప్పుడు ఇంకెందుకమ్మా ఈ తిరుగుడు? ఏ జన్మలో చేసుకున్న కర్మో. ఇంటికాడ ఉంచుకుని ఇంత ముద్ద పెట్టుకో.”

ఆ తల్లి ఏమీ అనలేదు. కిటికీలోంచి బయటికి చూసింది. నేను కూడా ఏమీ అనలేదు. ధమ్మం చదువుకున్నవాణ్ణి, పదిమందికి చెప్పేవాణ్ణి, ఆ పూట నోరు విప్పలేకపోయాను. ఆ తర్వాత కొన్నిసార్లు అదే రైలెక్కాను గానీ ఆమె మళ్లీ కనబడలేదు. వేరే బండికి వెళ్తోందో, వెళ్లడమే మానేసిందో నాకు తెలియదు. ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు మీతో కలిసి ఆలోచిద్దామనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ పెద్దావిడ చెడ్డ మనిషి కాదు. దిగేటప్పుడు బిడ్డ తల నిమిరి, చేతిలో అరటిపండు పెట్టి వెళ్లింది. ఆమె అడిగిన ప్రశ్న మనందరి మనసుల్లోనూ ఉన్నదే. దాన్ని విప్పి చూస్తే లోపల మూడు నమ్మకాలు కనబడతాయి. ఒకటి, ఇది పూర్వకర్మ ఫలం. రెండు, వైద్యం అంటే జబ్బు తగ్గించడం, తగ్గకపోతే వైద్యం దండగ. మూడు, బిడ్డ భారం తల్లిది, ఆమె అలిసిపోతే అక్కడితో సరి. ఈ మూడింటినీ ధమ్మం వెలుగులో ఒక్కొక్కటిగా చూద్దాం.

కర్మ అన్న మాట

మనలో చాలామంది అనుకుంటారు, కర్మ సిద్ధాంతం బుద్ధుడు కూడా చెప్పాడు కదా, కాబట్టి బౌద్ధులు కూడా ఇదే అనాలి కదా అని. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి సరిగ్గా ఈ ప్రశ్నే అడిగినట్టు సంయుత్త నికాయంలో ఉంది. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లేనని కొందరంటున్నారు, మీరేమంటారు అని. బుద్ధుడు ఒప్పుకోలేదు. పిత్తం వల్ల వచ్చే బాధలున్నాయి, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, ఆ మూడూ కలిసి వచ్చేవి ఉన్నాయి, రుతువు మారడం వల్ల, శరీరాన్ని సరిగా చూసుకోకపోవడం వల్ల, దెబ్బ తగలడం వల్ల వచ్చేవి ఉన్నాయి, కర్మ ఫలంగా వచ్చేవీ ఉన్నాయి అని ఎనిమిది కారణాలు లెక్కపెట్టి చెప్పాడు. అన్నిటినీ కర్మకే కట్టేసేవాళ్లు తాము చూసినదాన్నీ, లోకానికి తెలిసినదాన్నీ దాటి మాట్లాడుతున్నారని తేల్చాడు.

ఆ ఎనిమిదింటిలో కర్మ ఒకటి మాత్రమే. మిగిలిన ఏడూ కంటికి కనబడే కారణాలు, మందూ జాగ్రత్తా పనిచేసే చోట్లు.

సెరిబ్రల్ పాల్సీకి కారణాలు ఈనాడు మనకు చాలావరకు తెలుసు. ఎదుగుతున్న మెదడుకు తగిలిన దెబ్బ అది. కడుపులో ఉన్నప్పుడు తగలొచ్చు, కాన్పులో తగలొచ్చు, పుట్టిన మొదటి ఏళ్లలో తగలొచ్చు. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పు కష్టమై బిడ్డకు ఊపిరి అందకపోవడం, పుట్టగానే వచ్చే పచ్చకామెర్లు ముదిరిపోవడం, మెదడువాపు లాంటి జ్వరాలు. లోకంలో వేయి మంది పిల్లలు పుడితే ఇద్దరు ముగ్గురికి ఇది వస్తుంది. వాళ్లలో రాజుగారి బిడ్డ ఉండొచ్చు, కూలివాడి బిడ్డ ఉండొచ్చు. “గ్రహణం నాడు బయటికి వచ్చావేమో”, “ఎవరి ఉసురు పోసుకున్నావో” అని ఆ తల్లిని అడిగేవాళ్లు జబ్బుకు కారణం వెతకడం లేదు. గాయపడ్డ మనిషికి ఇంకొక బాణం గుచ్చుతున్నారు.

మన ఊరి ఉదాహరణే చెప్తాను. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ మొదటిసారి లేచింది. కొన్ని నిమిషాల్లో సముద్రంలో పడిపోయింది. ఆ ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. అప్పుడు అక్కడి శాస్త్రవేత్తలు కర్మ అని తల పట్టుకుని కూర్చోలేదు. ప్రతి వాల్వూ ప్రతి కాగితమూ చూసి, రెండో దశ నియంత్రణ వ్యవస్థలో లోపం ఎక్కడుందో పట్టుకున్నారు. 1980 జులై 18న అదే రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఇనుప గొట్టం పడిపోతే కారణం వెతుకుతాం. ఆ ప్రయోగ కేంద్రానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఒక పసిబిడ్డ కాలు నిలవకపోతే మాత్రం కర్మ అంటాం. ఎంత అన్యాయమో చూడండి. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకుంటే అది ఉండదు అన్న హేతుఫల దృష్టే ధమ్మానికి వెన్నెముక. ఆ దృష్టి రాకెట్‌కు ఎంత అవసరమో బిడ్డకూ అంతే అవసరం.

గాయం ఆగింది, ఒళ్లు ఆగదు

ఇప్పుడు రెండో నమ్మకం. తగ్గనిదానికి వైద్యం దేనికి?

ఈ జబ్బులో ఒక విచిత్రం ఉంది. మెదడుకు తగిలిన గాయం పెరగదు, ఆనాడు ఎంత ఉందో అంతే ఉంటుంది. కానీ బిడ్డ పెరుగుతాడు. ఎముక పొడవుగా సాగుతుంది, బిగుసుకున్న కండరం దానితో సమంగా సాగదు. మూడేళ్లప్పుడు కాస్త మునివేళ్ల మీద నిలబడ్డ బిడ్డ, పట్టించుకోకపోతే ఎనిమిదేళ్లకు మడమ ఆనించలేడు. నడవలేని పిల్లల్లో తొడ ఎముక తుంటి గిన్నెలోంచి మెల్లగా పక్కకు జారుతుంది. మొదట్లో నొప్పి కూడా ఉండదు, అందుకే ఎవరికీ తెలియదు. తెలిసేనాటికి కూర్చోబెట్టినా ఏడుపు, గుడ్డ మార్చినా ఏడుపు, రాత్రి నిద్ర ఉండదు. వెన్ను వంగుతుంది. పడుకోబెట్టి అన్నం పెడితే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయి మాటిమాటికీ నిమ్ము చేస్తుంది.

అనిచ్చం అంటే ఇదే. అన్నీ మారుతుంటాయి అన్న మాటను మనం చావు ఇళ్లలో ఓదార్పుగా వాడుకుంటాం. కానీ దాని అసలు అర్థం ఈ బిడ్డ ఒంట్లో కనబడుతుంది. ఒళ్లు ప్రతి నెలా మారుతోంది కాబట్టి నిరుడు చేయించిన వైద్యం ఈ ఏటికి సరిపోదు. కాలికి వేసే పట్టీ ఆరు నెలలకో ఏడాదికో బిగుతైపోతుంది. బిగుసుకున్న కండరానికి వేసే ఇంజెక్షను పని మూడు నాలుగు నెలలే, ఆ మూడు నెలల్లో వ్యాయామం చేయిస్తేనే లాభం. నరం సాగదీసే ఆపరేషన్ చేయించి, తర్వాత పట్టీ వేయకుండా వదిలేస్తే మళ్లీ పాత స్థితే. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ విరుచుకుపడి ప్రాణం మీదికి రావచ్చు. కండరాల బిగువు తగ్గించే బాక్లోఫెన్ లాంటి మందునూ డాక్టరు చెప్పకుండా హఠాత్తుగా మానకూడదు.

కాబట్టి ఈ బిడ్డకు మధ్యలో తెగిపోయిన వైద్యం అసలు వైద్యం లేనంత చేటు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ.

తెగకుండా సాగితే ఏమవుతుందో కూడా ఒక రుజువు ఉంది. దక్షిణ స్వీడన్‌లో 1994లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. ఆ ప్రాంతంలో ఈ జబ్బున్న ప్రతి బిడ్డనూ లెక్కలోకి తీసుకుని, క్రమం తప్పకుండా కీళ్లు కొలవడం, తుంటికి ఎక్స్‌రే తీయడం, ఆ వివరాలన్నీ ఒకే చోట రాయడం. డాక్టరు మారినా రాత మారదు. జారుతున్న తుంటిని ముందే కనిపెట్టి సరిచేశారు. అంతకుముందు పదిమందిలో దాదాపు ఒకరికి తొలిగిపోయే తుంటి, ఆ పద్ధతి వచ్చాక అరుదైపోయింది. తర్వాత పక్క దేశాలు కూడా దాన్ని తీసుకున్నాయి. అక్కడ కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఉన్న వైద్యాన్నే వదలకుండా చేశారు, అంతే.

మెదడు గాయం వాళ్లకూ తగ్గలేదు. కానీ నొప్పి తగ్గింది. దుఃఖాన్ని తగ్గించడం చిన్న పనా మిత్రులారా? దుఃఖం గురించే కదా తథాగతుడు నలభై అయిదేళ్లు కాలినడకన తిరిగి చెప్పింది!

మూడు రకాల రోగులు

అంగుత్తర నికాయంలో బుద్ధుడు మూడు రకాల రోగుల గురించి చెప్పాడు. సరైన మందూ ఆహారమూ పరిచర్యా దొరికినా దొరక్కపోయినా కోలుకోనివాడు ఒకడు. దొరికినా దొరక్కపోయినా కోలుకునేవాడు ఇంకొకడు. దొరికితేనే కోలుకుని, దొరక్కపోతే కోలుకోనివాడు మూడోవాడు. మందు, ఆహారం, పరిచారకుడు అనే ఏర్పాటంతా ఈ మూడోవాడి కోసం విధించినది. అయితే బుద్ధుడు అక్కడ ఆగలేదు. ఈ మూడోవాడి కారణంగా మిగిలిన ఇద్దరికీ కూడా పరిచర్య చేయాలి అన్నాడు.

ఈ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. ఎందుకలా అన్నాడు? నాకు తోచింది చెప్తాను. ఎవరు ఏ రకమో ముందుగా మనకు తెలియదు. తగ్గదు అని మనం పక్కన పెట్టిన బిడ్డల్లో, సరైన కుర్చీలో కూర్చోబెడితే మెడ నిలిపేవాడు ఉన్నాడు, మాట రాకపోయినా బొమ్మ చూపించి తన మనసు చెప్పేవాడు ఉన్నాడు, బడికి పోయి పరీక్ష రాసేవాడు ఉన్నాడు. ఈ జబ్బున్న పిల్లలందరికీ బుద్ధి మాంద్యం ఉండదు. నోరు తిరగదు కాబట్టి బుద్ధి లేదని మనమే అనుకుంటాం. ముందే తీర్పు ఇచ్చేస్తే మూడో రకం వాళ్లను కూడా మొదటి రకంలో పడేస్తాం.

ఇంకొక కారణం కూడా ఉంది. నిజంగానే ఏమీ మెరుగుపడని బిడ్డ ఉన్నాడనుకోండి. వాణ్ణి వదిలేయడం నేర్చుకున్న చేతులు రేపు ఇంకొకర్ని కూడా వదిలేస్తాయి. కరుణకు ఫలితం లెక్కగట్టే అలవాటు పట్టుకుంటే అది వ్యాపారం అవుతుంది. మన ముసలి తల్లిదండ్రులు తిరిగి యువకులవుతారనా మనం వాళ్లకు నూనె రాసి నీళ్లు పోసేది?

కొందరు ఇక్కడ ఉపేక్ఖ అనే మాట తెస్తారు. “బౌద్ధుడు ఉపేక్ఖతో ఉండాలి గదా” అని. ఉపేక్ఖ అంటే పొగడ్తకు పొంగకుండా, నిందకు కుంగకుండా, ఫలితం ఆలస్యమైనా చేసే పని ఆపకుండా ఉండే సమస్థితి. పట్టించుకోకపోవడం ఉపేక్ఖ వేషం వేసుకుని వచ్చే దొంగ. ఏడాది పొడవునా అదే కాలు, అదే వ్యాయామం, రవ్వంత మార్పు. అయినా రేపు పొద్దున మళ్లీ ఆ కాలు చేతిలోకి తీసుకునే తల్లిలో అసలైన ఉపేక్ఖ ఉంది. ఆమెకు ఆ పేరు తెలియకపోవచ్చు.

ఎవరికీ పనికిరాని భిక్ఖువు

ఇక మూడో నమ్మకం. ఇది తల్లి పని అన్న మాట.

వినయ పిటకంలోని మహావగ్గలో ఒక సంఘటన ఉంది. ఒక భిక్ఖువుకు విరేచనాలు పట్టుకున్నాయి. తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. బుద్ధుడు ఆనందుడితో కలిసి విహారం చుట్టివస్తూ అతన్ని చూశాడు. నీకు పరిచర్య చేసేవాళ్లు లేరా అని అడిగాడు. లేరన్నాడు. ఎందుకు లేరు అంటే ఆ భిక్ఖువు చెప్పిన కారణం గుండె కోసేస్తుంది. నేను మిగతా భిక్ఖువులకు ఏ పనికీ ఉపయోగపడను, అందుకే వాళ్లు నన్ను చూడరు అన్నాడు.

బుద్ధుడు ఆనందుణ్ణి నీళ్లు తెమ్మన్నాడు. తానే నీళ్లు పోస్తే ఆనందుడు కడిగాడు. ఒకరు తల వైపు, ఒకరు కాళ్ల వైపు పట్టి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత సంఘాన్ని పిలిపించాడు. మీకు తల్లిదండ్రులు దగ్గర లేరు, మీలో మీరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారు, నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలి అని వాళ్లకు చెప్పాడు.

ఈ కథ అందరికీ తెలుసు. దాని తర్వాత వచ్చే నియమం మాత్రం చాలామంది చదవరు. రోగికి ఉపాధ్యాయుడుంటే ఆయన, అతను కోలుకునేదాకా, జీవితాంతమైనా సరే చూడాలి. ఆయన లేకపోతే ఆచార్యుడు. లేకపోతే శిష్యుడు. లేకపోతే తోటివాళ్లు. ఎవరూ లేకపోతే సంఘం మొత్తం చూడాలి. చూడకపోతే అది సంఘం చేసిన తప్పు. గమనించండి, ఒకరి తర్వాత ఒకరుగా వరస ముందే కట్టి పెట్టాడు. ఒకరు తప్పుకున్నా రోగి నేలమీద పడకూడదు. చివరన తప్పు ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు సంఘం అని రాశారు, అలిసిపోయిన మనిషి అని రాయలేదు.

ఇప్పుడు ఆ రైల్లో తల్లిని తలుచుకోండి. ఆమె మానేసి ఉంటే తప్పు ఎవరిది? పోయిన రోజు కూలి పోతుంది. భర్త వేటకు పోతే వారం ఇంట్లో ఉండడు. సూళ్లూరుపేట నుంచి చెన్నై 80 కిలోమీటర్ల పైచిలుకు, నెల్లూరు సుమారు 100. పోయినచోట నిరుటి ఫిజియోథెరపిస్టు ఉండడు, కొత్తాయన మొదటి నుంచీ చెప్పమంటాడు. కాగితాలు ఒకచోట ఇంగ్లీషులో, మాటలు అరవంలో. వానాకాలం వస్తే కాళంగి పొంగుతుంది. 2021 నవంబరు వరదల్లో కోవూరు దగ్గర జాతీయ రహదారే తెగిపోయింది. 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుపాను ఈ తీరమంతా ముంచింది. 2020 లాక్‌డౌన్‌లో రైళ్లే ఆగిపోయాయి. నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట 2022 ఏప్రిల్లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది, ఏ కాగితానికి ఏ ఊరు పోవాలో మళ్లీ నేర్చుకోవాలి. ఇన్ని చోట్ల దారం తెగే అవకాశం ఉన్నప్పుడు, తెగిన ప్రతిసారీ ముడి వేయాల్సింది ఆ ఒక్క మనిషేనా?

దీపం

మిలింద రాజు నాగసేన థేరుణ్ణి అడిగాడు, పసిబిడ్డా పెద్దవాడూ ఒకడేనా వేరేవాడా అని. నాగసేనుడు దీపం ఉపమానం చెప్పాడు. రాత్రంతా వెలిగే దీపంలో మొదటి జాము మంట, మూడో జాము మంట ఒకటే అనలేం, వేరు అనీ అనలేం. ఒకదాన్ని ఆనుకుని ఇంకొకటి సాగే సంతతి అది.

మనిషి ఒక సంతతి అయినప్పుడు అతనికి చేసే వైద్యం కూడా సంతతిగానే ఉండాలి కదా! మూడేళ్ల బిడ్డకు ఒక శిబిరం, ఏడేళ్లకు ఒక ఆపరేషన్, పదేళ్లకు ఒక ఫోటో తీసి చక్రాల కుర్చీ పంచడం, ఇవి చీకట్లో అక్కడక్కడా గీసిన అగ్గిపుల్లలు. వెలుగు వస్తుంది, ఆరిపోతుంది.

కలాం గారి సంగతే మళ్లీ చెప్తాను. ఆయన శ్రీహరికోట పని తర్వాత హైదరాబాద్ డీఆర్‌డీఎల్‌కు వెళ్లారు. అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన తేలికైన పదార్థాన్ని నిమ్స్ ఆస్పత్రి ఎముకల డాక్టరు ఒకరు చూసి, ఆయన్ను తన వార్డుకు తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్ తయారైంది. తన జీవితంలోని గొప్ప ఆనందాల్లో అది ఒకటని ఆయన చెప్పుకున్నారు. మంచి కథ. కానీ ఆ కథ వినేటప్పుడు ఇంకొక ప్రశ్న అడగాలి. మరుసటి ఏడు ఆ బిడ్డ కాలు రెండు అంగుళాలు పెరిగినప్పుడు కొత్త కాలిపర్ ఎవరిచ్చారు? ఆ పై ఏడు? ఆ ప్రశ్నకు జవాబు ఉన్న చోటే కరుణ నిలుస్తుంది. ఉపగ్రహాన్ని పైకి పంపి, ఇంక మన పని అయిపోయిందని ఇంటికి పోతారా? అది బతికున్నన్నాళ్లూ కింద ఎవరో ఒకరు షిఫ్టు మార్చుకుంటూ కనిపెట్టి ఉంటారు.

రాజ్యానికి కూడా ఈ బాధ్యత ఉందని మొదట రాతి మీద చెక్కించినవాడు అశోకుడు. మన కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడి బండల మీద ఉన్న ఆయన శాసనాల్లో రెండోది మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయడం గురించే. ఔషధ మొక్కలు లేని చోటికి తెప్పించి నాటించాను, దారుల్లో బావులు తవ్వించాను అంటాడు. నాటడం, తవ్వడం, రెండూ నిలిచి ఉండే పనులే.

మనం చేయగలిగినవి

ధమ్మం మాటల్లో ఆగిపోకూడదు కాబట్టి కొన్ని పనులు చెప్తాను.

ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉన్నవాళ్లు ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ రోజు ఎవరు చూశారు, ఏ మందు ఎంత, పట్టీ ఎప్పుడు వేశారు, ఫిట్స్ ఎప్పుడు వచ్చింది, తెలుగులోనే రాయండి. కాగితాలన్నిటికీ ఫోన్లో ఫోటోలు తీసి ఇంకొక బంధువుకు పంపి ఉంచండి. వరద వచ్చి పెట్టె కొట్టుకుపోయినా వైద్యం కొట్టుకుపోదు. తుపాను నెలల్లో ఫిట్స్ మందు కొన్ని రోజులకు సరిపడా ముందే తెచ్చుకోండి. నడవలేని బిడ్డకు తుంటి ఎక్స్‌రే ఎప్పుడు తీయించాలో డాక్టరును మీరే అడగండి. అన్నం కూర్చోబెట్టి పెట్టండి.

హక్కులు తెలుసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ ఉంది. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం, థెరపీ ఖర్చులు వస్తాయి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది, అంగన్‌వాడీకి ఆ బృందం వచ్చినప్పుడు బిడ్డను దాచకండి. మండలంలో భవిత కేంద్రం ఉంటే ఫిజియోథెరపీ ఏ రోజో కనుక్కోండి. తిరుపతిలో బర్డ్ ఆస్పత్రి, నెల్లూరులో సీఆర్‌సీ, చెన్నై అవతల ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉన్నాయి. ఏదో ఒకదాన్ని పట్టుకుని వదలకుండా ఉండటం, మూడింటికీ ఒక్కొక్కసారి పోయి మానేయడం కన్నా మేలు.

18 ఏళ్లు నిండే ముందే ఆలోచించండి. పిల్లల డాక్టరు ఇంక మా దగ్గరికి కాదు అంటాడు, పెద్దల డాక్టరుకు ఈ జబ్బు అలవాటు ఉండదు. చాలామందికి దారం తెగేది అక్కడే. పాత డాక్టరు చేతే వివరంగా రాయించుకోండి. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద, కలెక్టరు ఉండే స్థానిక కమిటీ ద్వారా చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి పెట్టుకోవచ్చు. “మా తర్వాత ఎవరు?” అన్న భయానికి అది కొంత జవాబు.

ఇక మిగతావాళ్లం, అంటే సంఘం. మంచి పరిచారకుడికి బుద్ధుడు అయిదు గుణాలు చెప్పాడు. మందు సిద్ధం చేయగలగాలి, పడేదీ పడనిదీ తెలియాలి, లాభం ఆశించకుండా మైత్రితో చేయాలి, మలమూత్రాలకు అసహ్యించుకోకూడదు, సమయానికి ధైర్యం చెప్పగలగాలి. ఈ అయిదూ ఒక్కరిలోనే ఉండనక్కర్లేదు. చదువుకున్నవాడు కాగితాలు రాసిపెట్టొచ్చు. ఆటో ఉన్నవాడు నెలకొకసారి స్టేషన్ దాకా దించొచ్చు. ఒకావిడ వారానికి ఒక పూట బిడ్డను చూసుకుంటే తల్లి నిద్రపోవచ్చు. గడ ఎక్కి ఆడే గురుశిష్యుల కథ బుద్ధుడు చెప్పాడు. ఎవరి తూకం వాళ్లు చూసుకుంటేనే ఇంకొకర్ని కాపాడగలరు, ఇంకొకర్ని కాపాడటంలోనే తమనూ కాపాడుకుంటారు. నడుం పడిపోయిన తల్లి బిడ్డను ఎత్తలేదు. కాబట్టి ఆమెకు విశ్రాంతి ఇవ్వడం కూడా బిడ్డకు చేసే వైద్యమే.

మన పౌర్ణమి సమావేశాల్లో పది నిమిషాలు దీనికి ఇవ్వండి. మన పేటలో అలాంటి బిడ్డ ఎవరు, ఈ నెల వైద్యం జరిగిందా, జరగకపోతే ఎందుకు? ఈ మూడు ప్రశ్నలు ప్రతి నెలా అడిగితే చాలు. తథాగతుడు చివరగా చెప్పిన మాట అప్పమాదం గురించే. ఏమరకుండా ఉండటం అంటే కళ్లు మూసుకుని కూర్చునేది ఒక్కటే కాదు. పోయిన నెల చూసిన బిడ్డను ఈ నెల కూడా గుర్తుపెట్టుకోవడం.

ఆ పెద్దావిడ నాకు మళ్లీ కనబడితే ఈసారి నోరు విప్పుతాను. “అమ్మా, తగ్గడానికి కాదు, నొప్పి పెరగకుండా ఉండటానికి తిప్పతా ఉండాది. కర్మ మాట పక్కన పెట్టు. వచ్చే నెల ఈ సంచి మనలో ఎవురు మోద్దాం?” అని అడుగుతాను. ఆ తల్లి కనబడితే మాత్రం ఏమీ చెప్పను. బిడ్డను కాసేపు నా ఒళ్లో కూర్చోబెట్టుకుంటాను.

మీరు రేపు ఏ రైల్లో, ఏ బస్సులో వెళ్తున్నారో నాకు తెలియదు. మీ ఎదురు సీట్లో ఆమె కూర్చోవచ్చు.

మైత్రితో,
మీ ధమ్మ మిత్రుడు